బయట తిప్పి తెచ్చినా ఇంట్లోనే పోస్తోంది!

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గోడు: కుక్కపిల్ల ఇల్లంతా తడిపేస్తోంది, ఏం చేసినా మానడం లేదు. అందుకే ఈ సంచికలో శీర్షిక మొత్తం ఆ సమస్యకే కేటాయించాం.

ప్రశ్న: మాది హైదరాబాద్ మియాపూర్‌లో అపార్ట్‌మెంట్, నాలుగో అంతస్తు. లాబ్రడార్ పిల్లకి రెండున్నర నెలలు. తెచ్చుకుని రెండు వారాలైంది. రోజుకు ఐదారుసార్లు కిందకు తీసుకెళ్తున్నాం. అరగంట తిప్పినా ఏమీ చేయదు. పైకొచ్చి తలుపు తీయగానే డోర్‌మ్యాట్ మీద పోసేస్తుంది. కావాలనే చేస్తోందా?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: కావాలని కాదండీ. ఆ వయసు పిల్లకు మీ మీద కక్ష తీర్చుకునే తెలివి ఉండదు, ఎక్కువసేపు బిగబట్టుకునే శక్తీ ఉండదు. పడుకుని ఉంటే రెండున్నర, మూడు గంటలు ఆగగలదు. మేలుకుని ఆడుతుంటే అరగంట, ముప్పావుగంటకే వస్తుంది. మీరు ఐదారుసార్లు తీసుకెళ్తున్నారు, దానికి పన్నెండు, పద్నాలుగుసార్లు కావాలి.

కింద ఎందుకు పోయదంటే, అక్కడ దానికి జంకు. స్కూటర్ల చప్పుడు, లిఫ్టు తలుపులు, వేరే కుక్కల వాసన. జంకుతున్న కుక్క ఒకచోట నిలబడి పని కానిచ్చుకోదు. ఇంట్లోకి రాగానే ఊపిరి పీల్చుకుంటుంది, అక్కడే వదిలేస్తుంది. డోర్‌మ్యాటే ఎందుకంటారా? కాళ్ల కింద మెత్తగా ఉండి, తడి పీల్చుకునే చోటంటే కుక్కపిల్లలకు మొగ్గు. గోనెపట్టా, బొంత, చాప, మడతపెట్టి కింద పడేసిన చీర, ఏదైనా దానికి ఒకటే. మూడు నెలల పాటు డోర్‌మ్యాట్లన్నీ అటకెక్కించండి.

అంతకన్నా ముఖ్యమైన మాట. ఈ వయసులో దాన్ని కింద నేల మీద నడిపించకండి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలైన టీకాలు మూడు, నాలుగు వారాలకోసారి చొప్పున పదహారు వారాలు నిండేదాకా వేయించాలి. చివరి డోసు పడి రెండు వారాలు గడిచేవరకూ వీధికుక్కలు తిరిగే మట్టిలో కాలు పెట్టనివ్వకూడదు. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. సోకితే వాంతులు, రక్తవిరేచనాలతో కొద్ది రోజుల్లోనే పిల్ల దక్కకుండా పోవచ్చు. కిందకు తీసుకెళ్లడం మానక్కర్లేదు. చేతుల్లో ఎత్తుకుని తిప్పండి, చప్పుళ్లూ మనుషులూ అలవాటవుతారు. నేల మీద మాత్రం దించకండి.

ఈలోగా బాల్కనీలో ఒక మూల చూడండి. రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవున్న ప్లాస్టిక్ ట్రే తెచ్చి అడుగున చిల్లులు పెట్టి, నీరు దిగేందుకు కింద ఇంకో ట్రే ఉంచండి. పైన నర్సరీలో అమ్మే లాన్ గడ్డి పలక పరచండి. పేపరు మీద అలవాటైన పిల్ల రేపు టీపాయ్ కింద పడిన పేపరు మీదా పోస్తుంది. గడ్డి మీద నేర్చుకుంటే పార్కులోనూ గడ్డినే వెతుక్కుంటుంది. రెండు వారాలకోసారి గడ్డి మార్చాలి. మొదటి రోజు ఇంట్లో పోసినదాన్ని గుడ్డతో అద్ది, ఆ గుడ్డను గడ్డి మీద వేయండి. బాల్కనీ గ్రిల్ సందులు వెడల్పుగా ఉంటే ముందు వల కట్టించండి, ఆ వయసు పిల్ల సులువుగా దూరిపోతుంది.

ఎప్పుడెప్పుడు తీసుకెళ్లాలంటే: నిద్ర లేచిన మరుక్షణం, అదీ ఎత్తుకునే. నడవనిస్తే దారిలోనే కానిచ్చేస్తుంది. తిన్నాక ఐదు నుంచి ఇరవై నిమిషాల లోపు. నీళ్లు తాగిన పది, పదిహేను నిమిషాలకు. ఆట సాగుతుంటే మధ్యలో అరగంటకోసారి. చుట్టాలొచ్చి ముద్దు చేసి దించగానే. పడుకోబోయే ముందు. తిండి రోజుకు నాలుగుసార్లు, అవే వేళలకు పెట్టండి. ఇరవై నిమిషాల్లో తినకపోతే గిన్నె తీసేయండి. తిండికి వేళ లేకపోతే దొడ్డికీ వేళ ఉండదు. గేదెపాలు, ఆవుపాలు పోయకండి, చాలా పిల్లలకు అవి అరగక విరేచనాలవుతాయి. అలా కారిపోయేదాన్ని ఆపుకోవడం ఏ కుక్క వల్లా కాదు.

ట్రే దగ్గర ఐదు నుంచి పది నిమిషాలు కదలకుండా నిలబడండి. మాట్లాడొద్దు, ఆడించొద్దు. పోయడం మొదలుపెట్టగానే మెల్లగా ఒకే మాట అనండి, ‘సుస్సు’ అన్నా సరే, ఇంట్లో అందరూ అదే అనాలి. పూర్తయిన ఒకటి రెండు క్షణాల్లోపు శనగగింజంత ఉడికించిన చికెన్ ముక్క అక్కడికక్కడే నోటికివ్వండి. లోపలికొచ్చి ఫ్రిజ్ తెరిచి ఇస్తే, లోపలికొచ్చినందుకు ఇచ్చారనుకుంటుంది. ఒకసారి పోసిందని వెంటనే తెచ్చేయకండి, మరో రెండు నిమిషాలు ఆగండి. చాలా పిల్లలు ఒక్క విడతలో ఖాళీ చేయవు.

ఏమీ చేయలేదా? లోపలికి తెచ్చి వదిలేయొద్దు. ఇప్పుడు మీ ఇంట్లో జరుగుతున్న పొరపాటు ఇదే. పది, పదిహేను నిమిషాలు ఒళ్లో కూర్చోబెట్టుకోండి, లేదా ఆరడుగుల తాడు నడుముకు కట్టుకుని పక్కనే ఉంచుకోండి. తర్వాత మళ్లీ ట్రే దగ్గరకు. పోసేదాకా ఇదే.

కాస్త దగ్గరగా గమనిస్తే పోయబోయే ముందు పిల్ల చెప్పే పోస్తుంది. ఆడుతున్నది ఠక్కున ఆగుతుంది. ముక్కు నేలకు ఆనించి ఒకే జానెడు చోటును మళ్లీ మళ్లీ వాసన చూస్తుంది. అక్కడే గుండ్రంగా తిరుగుతుంది. తోక మొదలు కొద్దిగా లేస్తుంది, వెనక కాళ్లు ఎడమవుతాయి. ఇక మీకున్నది రెండు మూడు క్షణాలే. అరవకుండా, ‘రా రా’ అంటూ ఎత్తుకుని ట్రే దగ్గరకు పరుగెత్తండి.

టీకాలు పూర్తయ్యాక ఆ ట్రేలోని గడ్డి ముక్కనే పార్కులో ఒక మూల పెట్టి, మొదటి వారం అక్కడికే తీసుకెళ్లండి. పని కాగానే వెనక్కి తిప్పకండి, పోస్తే షికారు ముగిసిపోతుందని గ్రహించి బిగబడుతుంది. పోశాకే అసలు షికారు మొదలవ్వాలి. ఇంట్లో కూడా హాలు ఒక్కటే ఇవ్వండి. నాలుగు వారాలు పొరపాటు లేకుండా గడిస్తే ఇంకో గది. లాబ్రడార్లు సాధారణంగా ఐదారు నెలలకు కుదురుకుంటాయి, ఇల్లంతా నమ్మి వదలడానికి దాదాపు ఏడాది పడుతుంది.

ప్రశ్న: రోజుకు రెండుసార్లు ఫినాయిల్ వేసి తుడుస్తున్నా అదే మూలకు వెళ్లి పోస్తోంది. వాసనేమీ లేదు కదా?
– ఓ పాఠకురాలు, నంద్యాల

జవాబు: మనకు లేదు, దానికి ఉంది. ఫినాయిల్ వాసన మూత్రపు వాసనను కప్పేస్తుందే గానీ తీసేయదు. పైగా నల్ల ఫినాయిల్‌లో ఉండే ఫినాల్ జాతి రసాయనాలు కుక్కలకు విషం. తడి నేల మీద నడిచి పాదాలు నాకుతుంది కాబట్టి నేరుగా కడుపులోకే పోతాయి. కుక్కపిల్ల ఉన్నన్నాళ్లూ దాన్ని పక్కన పెట్టండి.

ముందు పాత గుడ్డతోనో పేపర్లతోనో అద్ది తడి మొత్తం లాగేయండి. మాప్‌తో తుడవొద్దు, అడుగు మేర ఉన్న తడిని గదంతా పూసినట్టవుతుంది. మామూలు నీళ్లతో ఒకసారి కడిగి మళ్లీ అద్దండి. తర్వాత పెంపుడు జంతువుల మూత్రం కోసం అమ్మే ఎంజైమ్ క్లీనర్ పోయండి. చాలామంది చేసే తప్పు ఇక్కడే, పోసి వెంటనే తుడిచేస్తారు. ఎంజైమ్ పని చేసేది తడిగా ఉన్నంతసేపే. కనీసం పది, పదిహేను నిమిషాలు నాననివ్వాలి, ఎండాకాలమైతే పైన తడిగుడ్డ కప్పండి. అదే చోట అంతకుముందు ఫినాయిల్, బ్లీచింగ్ వాడి ఉంటే నీళ్లతో బాగా కడిగాకే ఎంజైమ్ వేయాలి, లేకపోతే దాని శక్తి చచ్చిపోతుంది.

ఎంజైమ్ క్లీనర్ దొరకకపోతే తెల్ల వెనిగర్ ఒక వంతు, నీళ్లు ఒక వంతు కలిపి టైల్స్ మీద వాడొచ్చు. మీ ఊరి వైపు ఇళ్లలో ఎక్కువగా నాపరాయి, కడప బండలుంటాయి. అవి సున్నపురాయి జాతివి. వెనిగర్, యాసిడ్ తగిలితే పైపూత తినేసి మచ్చ పడుతుంది, గరుకెక్కిన చోట మూత్రం ఇంకా లోతుకు ఇంకుతుంది. తాండూరు, షాబాద్ బండలకూ, మార్బుల్‌కూ ఇదే వర్తిస్తుంది. వాటికి తినే సోడా చల్లి, కాస్త నీళ్లతో ముద్దచేసి, ఆరాక ఊడ్చి కడగండి.

మూత్రం మీద నేరుగా బ్లీచింగ్ పోయకండి. రెండూ కలిస్తే కళ్లు, ఊపిరితిత్తులు మండించే వాయువు వస్తుంది. బ్లీచింగ్, వెనిగర్ కలిపితే ఇంకా ప్రమాదం.

ఎక్కడెక్కడ పోసిందో తెలియకపోతే రాత్రి దీపాలార్పి అల్ట్రావయొలెట్ టార్చి వేసి చూడండి. ఆరిన మరకలు పసుపుపచ్చగా మెరుస్తాయి. టైల్స్ మధ్య గీతలు, సోఫా కాళ్లు, తలుపు చట్రాల అడుగు చూడటం మరవొద్దు. పరుపు మీద పోస్తే పైపైన తుడవడం దండగ. మూత్రం ఎంత లోతుకు దిగిందో క్లీనర్ కూడా అంత లోతుకు దిగేలా పోయాలి.

ప్రశ్న: మా మామయ్యగారు కుక్కపిల్ల పోసిన చోటికి లాక్కెళ్లి మూతి నేలకు రాసి రెండు దెబ్బలు వేస్తారు. అలా చేస్తేనే బుద్ధొస్తుందంటారు. ఇప్పుడది సోఫా వెనక పోస్తోంది. తప్పు చేశానని దానికి తెలుస్తోంది కదా, ఆయన్ని చూడగానే చెవులు వాల్చేస్తుంది.
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: దానికి తెలిసింది ఒక్కటే. నేల మీద తడి ఉన్నప్పుడు పెద్దాయన ఎదురైతే దెబ్బలు పడతాయి. తాను చేసిన పనికీ, ఐదు నిమిషాల తర్వాత పడ్డ దెబ్బకూ కుక్క లంకె పెట్టుకోలేదు. దానికి లంకె కుదిరేది క్షణం రెండు క్షణాల తేడాలోనే. చెవులు వాల్చడం, తోక ముడవడం, చూపు తిప్పుకోవడం ‘నన్ను కొట్టకు’ అని బతిమాలడమే. తప్పు ఒప్పుకోవడం కాదు.

పోస్తుండగా పట్టుకుని కొట్టినా లాభం లేదు. మనుషుల ముందు పోయకూడదని నేర్చుకుంటుంది. సోఫా వెనక చేరింది అందుకే. ఇంకో చిక్కు కూడా వచ్చి పడుతుంది. మనిషి పక్కనుంటే బయట కూడా పోయడం మానేస్తుంది, ఇక మెచ్చుకుని నేర్పే దారే మూసుకుపోతుంది.

మామయ్యగారితో వాదన పెట్టుకోకండి, ఆయనకో పని అప్పజెప్పండి. ఫ్రిజ్ తలుపుకు ఒక కాగితం అంటించి వేళ, తిన్నది, ఒంటికి, రెంటికి, ఎక్కడ అని గళ్లు గీయండి. పొద్దున్న, సాయంత్రం బయటకు తీసుకెళ్లి ముక్క పెట్టడం ఆయన వంతు. వారం తిరిగేసరికి ఇంట్లో తడిపిన వేళలన్నీ ఆ కాగితం మీద ఒకచోట గుమిగూడి కనిపిస్తాయి, సాధారణంగా వంట హడావుడిలో, టీవీ ముందు కూర్చున్నప్పుడు, అంటే ఎవరి కన్నూ దాని మీద లేనప్పుడు. ఆ కాగితమే ఆయన్ని ఒప్పిస్తుంది. సోఫాను గోడకు ఆనించి సందు మూసేయండి. ఆయన దానికి దగ్గరయ్యేదాకా కొన్నాళ్లు ఆయన నిలబడి పిలవకుండా, పక్కకు తిరిగి కూర్చుని ముక్క నేల మీద పెడితే మంచిది.

ప్రశ్న: ఆఫీసు నుంచి రాగానే మా నాలుగు నెలల పిల్ల ఎగిరెగిరి కాళ్ల దగ్గరే చుక్కలు చుక్కలుగా పోస్తుంది. మిగతా వేళల్లో బుద్ధిగానే ఉంటుంది.
– ఓ పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఇది అలవాటు సమస్య కాదు, సంతోషం పట్టలేక జారిపోవడం. తిడితే భయం కూడా తోడై పెరుగుతుంది. లోపలికి రాగానే పలకరించకండి, కళ్లలోకి చూడకండి, దాని మీదకు వంగకండి. నేరుగా బయటకు దారి తీయండి, పోశాక కింద కూర్చుని గడ్డం కింద నిమరండి. తల మీద చెయ్యి వేయొద్దు. వచ్చే చుట్టాలకూ ఇదే చెప్పండి. చాలావరకు ఏడాది లోపు దానంతటదే పోతుంది.

ప్రశ్న: రాత్రిళ్లు బోనులో పెడుతున్నాం. మూడు నెలల పామరేనియన్. అందులోనే ఒక మూల పోసి, ఇంకో మూల పడుకుంటోంది. కుక్కలు పడుకునే చోట పోయవంటారు కదా?
– ఓ పాఠకురాలు, నెల్లూరు

జవాబు: పోయకూడదంటే బోను సరిగ్గా దాని ఒంటికి సరిపడా ఉండాలి. నిలబడాలి, వెనక్కి తిరగాలి, కాళ్లు చాపి పడుకోవాలి, అంతే. పెద్దయ్యాక కూడా పనికొస్తుందని పెద్ద బోను కొంటారు, దాంతో ఒక మూల పడకగది, ఇంకో మూల మరుగుదొడ్డి అవుతుంది. అట్టపెట్టె అడ్డంపెట్టి సగానికి మూసేయండి. అడుగున మందపాటి పరుపు వేయొద్దు, పల్చటి దుప్పటి చాలు.

అలా చేసినా పోస్తుంటే అది ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించండి. అమ్మకానికి ఇనుప బోనుల్లో కుక్కి పెంచిన పిల్లలు వాటిలోనే పోసి, వాటిలోనే పడుకుని ఆ ఏవగింపు కోల్పోతాయి. అలాంటి పిల్లకు బోను శిక్షణ ఒక పట్టాన పని చేయదు. మంచం పక్కన తాడు కట్టి పడుకోబెట్టండి, కదలగానే మీకు మెలకువ వస్తుంది.

రాత్రి భోజనం ఏడు గంటలకల్లా ముగించండి. పడుకోవడానికి గంటన్నర ముందు నీళ్ల గిన్నె తీయొచ్చు. మీ నెల్లూరు ఎండల్లో, ఏప్రిల్, మే నెలల్లో మాత్రం తీయకండి, దానికి బదులు ఇంకోసారి లేవండి. పదకొండుకు ఒకసారి, రెండున్నరకు అలారం పెట్టుకుని ఇంకోసారి. దీపం వేయకుండా, మాట్లాడకుండా తీసుకెళ్లి తెచ్చేయాలి, ఆటగా మారితే రోజూ రెండున్నరకు ఆటకే లేస్తుంది. వారం పాటు బోను పొడిగా ఉంటే అలారం పావుగంట చొప్పున ఆలస్యం చేస్తూ పొండి. బోను గాలాడే చోట, ఫ్యాను కింద ఉండాలి. పామరేనియన్ల ఒళ్లంతా దట్టమైన బొచ్చు, ఉక్కలో మూసిపెడితే వడదెబ్బ తగులుతుంది.

ప్రశ్న: ఐదు నెలల ఆడపిల్ల. రెండు నెలలుగా ఇంట్లో ఒక్కసారీ పోయలేదు. నాలుగు రోజులుగా గంటకు మూడుసార్లు, చెంచాడు చొప్పున ఎక్కడపడితే అక్కడ పోస్తోంది.
– ఓ పాఠకుడు, విజయనగరం

జవాబు: శిక్షణ మరిచిపోలేదు, దానికి ఒంట్లో బాగాలేదు. కొంచెం కొంచెంగా పోయడం, ముక్కడం, మాటిమాటికీ నాక్కోవడం, మూత్రంలో ఎరుపు లేదా ఘాటు వాసన ఉంటే మూత్రకోశ ఇన్‌ఫెక్షన్ అయ్యే అవకాశం ఎక్కువ. ఆడపిల్లల్లో ఇది తరచూ వస్తుంది. ఈ రోజే పశువైద్యుడికి చూపించండి. వెళ్లేముందు ఉదయం మూత్రాన్ని పట్టుకోండి: పొడవాటి గరిటెకు శుభ్రమైన చిన్న గిన్నె కట్టి, అది కూర్చున్నాక వెనక నుంచి జరపండి, మొదటి చుక్కలు వదిలేసి మధ్య ధార పట్టండి. మూత ఉన్న సీసాలో పోసి గంట, రెండు గంటల్లో అందించాలి, ఆలస్యమైతే ఫ్రిజ్‌లో పెట్టండి. ఇంట్లో మిగిలిన మనుషుల యాంటీబయాటిక్ బిళ్ల వేయకండి, పరీక్షలో క్రిమి దొరక్కుండా పోతుంది. నీళ్లు తగ్గించకండి. పడుకున్న చోటల్లా దానికి తెలియకుండా తడుస్తుంటే అది వేరే సమస్య, పుట్టుకతో మూత్రనాళం తప్పుచోట కలిసి ఉండొచ్చు. డాక్టరుకు ఆ మాట విడిగా చెప్పండి.

ప్రశ్న: మాది సొంత ఇల్లు, పెద్ద పెరడు ఉంది. ఏడు నెలల మగ కుక్క. రోజంతా పెరట్లో వదిలినా సరిగ్గా తులసికోటకే కాలెత్తుతుంది. అమ్మ రోజూ బాధపడుతోంది.
– ఓ పాఠకుడు, అమలాపురం

జవాబు: ఆ వయసులో మగ కుక్క కాలెత్తేది మూత్రం వదలడానికే కాదు, తన గుర్తు వేయడానికి కూడా. నిలువుగా, ఎత్తుగా, దారికి అడ్డంగా ఉన్నదాన్ని ఎంచుకుంటుంది. పెరటి మధ్యలో తులసికోట సరిగ్గా అలాంటిదే. అందుకే దానికి బదులు ఇంకో నిలువు వస్తువు ఇవ్వాలి.

ముందు కోట చుట్టూ రెండడుగుల దూరంలో, రెండున్నర అడుగుల ఎత్తున వెదురు దడి లేదా ఇనుప జాలీ కట్టించండి. కోట గోడను నీళ్లతో కడిగి ఎంజైమ్ క్లీనర్ పట్టించండి, మొక్క మొదట్లో పడనివ్వొద్దు. పెరటి చివర, గాలి వాటం చూసుకుని, మూడడుగుల చదరంలో జానెడు లోతు ఇసుక పోసి మధ్యలో మూడడుగుల కొబ్బరి దుంగ పాతండి. దాని మూత్రం అద్దిన గుడ్డను దుంగకు చుట్టండి. మూడు వారాల పాటు పెరట్లోకి ఒంటరిగా వదలకండి. తాడుతో నేరుగా దుంగ దగ్గరకు తీసుకెళ్లి, పోశాక ముక్క పెట్టి, అప్పుడే తాడు విప్పండి. ఇసుక పైపొర వారానికోసారి మార్చండి, వానాకాలంలో పైన రేకు వేయకపోతే ఇసుక కొట్టుకుపోతుంది. వాన పడుతుంటే బయటకు రానని మొండికేస్తే గొడుగు పట్టుకుని మీరూ పక్కన నిలబడాల్సిందే.

వృషణాలు తీసేసే ఆపరేషన్ చేయిస్తే చాలా కుక్కల్లో ఈ గుర్తులు వేయడం బాగా తగ్గుతుంది, అన్నింటిలోనూ పూర్తిగా పోదు. ఏ వయసులో చేయించాలన్నది జాతిని, ఒడ్డూపొడుగును బట్టి మీ డాక్టరు చెప్పాలి. చేయించినా దడి మాత్రం ఇంకో రెండు మూడు నెలలు తీయకండి.